ఆరు దగ్గర ఆగే ముల్లు

వంతెన గది అద్దాలను లోపలివైపు తుడవడం ముగించి, బయటివైపు తుడవడానికి హార్లన్ సగ్స్ ఇనుప వసారాలోకి వచ్చాడు. ఈశాన్యపు గాలి చొక్కాను వీపుకు అతికించేసింది. రాత్రంతా కొట్టిన ఉప్పు జల్లు అద్దాల మీద పొర కట్టింది. గుడ్డ ఆనినచోటల్లా పాలచారలు తేలుతున్నాయి. అతను సీసాలోంచి మంచినీళ్ళు చల్లి మళ్ళీ తుడిచాడు. పడవ ఎంత దూరాన ఉందో, గేటు దగ్గర ఎవరు ఆగారో, పడవలకు దారిచ్చేందుకు పైకి లేచే వంతెన రెక్కల మీద ఇంకా ఎవరైనా నడుస్తున్నారో అన్నీ ఆ అద్దాల్లోంచే చూడాలి. మసక అద్దంలోంచి చూసి వంతెన ఎత్తేవాడు ఎప్పుడో ఒకప్పుడు మనిషిని చంపుతాడని, పని నేర్పిన ముసలాయన మొదటిరోజే చెప్పాడు.

హార్లన్ పొడుగాటి మనిషి. తలుపు కమ్మికి తల తగలకుండా ఏళ్ళ తరబడి వంగి వంగి మెడ కొంగ మెడలా ముందుకు సాగిపోయింది. సైరన్ పక్కన నిలబడీ నిలబడీ ఎడమ చెవి సగం పోయింది. మోకాళ్ళు మెట్లకు అరిగిపోయాయి. గోళ్ళ కింద గ్రీజు ఎన్ని సబ్బులు అరగదీసినా వదలదు. పెళ్ళి ఒకటి అయింది, నిలవలేదు. దీవిలో కాపురముండే వాళ్ళలో చాలామందికి అతని ముఖం తెలియదు, చెయ్యి మాత్రం తెలుసు. వంతెన దిగి, గేట్లు లేచి, కార్లు కదిలేటప్పుడు పైన కిటికీలోంచి ఊగే చెయ్యి అది.

ఫోన్ మోగింది. అక్క నడీన్ కూతురు కెల్సీ.

"మామయ్యా, పనిలో ఉన్నావా?"

"ఇంకెక్కడుంటాను తల్లీ? నువ్వెప్పుడొచ్చావు?"

"మొన్న. గట్టిగా మాట్లాడకు, అమ్మకి తెలీకుండా వాకిట్లోకొచ్చి చేస్తున్నా. ఇవాళ వెళ్ళిపోతున్నాం. అమ్మని నాతో అరిజోనా తీసుకెళ్ళిపోతున్నా."

"మార్పు కోసమా?"

కెల్సీ ఇంకాస్త దూరం నడిచినట్టుంది, ఫోన్లో గాలి చప్పుడు పెరిగింది.

"కాదు. ఇక చేసేదేం లేదన్నారు డాక్టర్లు. క్యాన్సర్ కాలేయం దాకా పాకిందట. నొప్పి తెలీకుండా చూసుకోమన్నారు, అంతే. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

హార్లన్ గుడ్డను కటకటాల మీద పెట్టాడు. అది గాలికి లేచి కాలువలోకి ఎగిరిపోయింది. అతను చూడలేదు.

"ఎప్పట్నించీ?"

"తుఫాను ముందు నించీ."

"అంటే... నాకు ఫోన్ చేసినప్పుడు..."

"అప్పటికే తెలుసు తనకి." కెల్సీ గొంతు ఇంకా తగ్గింది. "మధ్యాహ్నంలోపు నీ వంతెన దాటుతాం మామయ్యా. నన్ను మాత్రం ఆగమని అడక్కు. ఆపావంటే దిగి నడిచిపోతానంది."

"అంత కోపమా?"

"మీ అక్క సంగతి నీకు నేను చెప్పాలా?" అని ఆ పిల్ల పెట్టేసింది.

గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా మీటల బల్ల, వైర్‌లెస్ పెట్టె, మూలన రేకు బీరువా. ఆ బీరువాలో గ్రీజు డబ్బాల వెనక, మూడు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, ఒక చిన్న గ్రామఫోన్ రికార్డు ఉంది. దాని పక్కనే మూతకు బెల్టు కట్టిన, రికార్డు వాయించే పాత పెట్టె ఉంది. పడవలు రాని మధ్యాహ్నాల్లో అతను దాన్ని బయటికి తీసి వింటాడు.

మనుషులు మొదటిసారి చంద్రుడి మీద దిగిన వేసవిలో, ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకున్న వాళ్ళకు బంకులో ఆ రికార్డు ఊరికే ఇచ్చారు. అట్ట మీద నారింజ మంటల మీద లేస్తున్న రాకెట్టు బొమ్మ. హార్లన్‌కు ఎనిమిదేళ్ళు, నడీన్‌కు పదకొండు. నాన్న వెస్టర్ రాకెట్టు గోపురం దగ్గర పైపులు బిగించే పనివాడు. బంకుకు వెళ్ళేసరికి ట్యాంకు ముప్పావు నిండి ఉంది. "నిండా పోయించుకున్నవాళ్ళకే సార్" అన్నాడు బంకువాడు. నాన్న మారుమాట్లాడకుండా పిల్లలిద్దర్నీ ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, నది పొడుగునా పైకీ కిందికీ, చీకటి పడేదాకా బండి తోలాడు. ట్యాంకు ఖాళీ చేసుకొచ్చి నిండా పోయించాడు. "ఇది మీ ఇద్దరిదీ. కొట్టుకున్నారంటే విరగ్గొట్టి చెరో ముక్కా ఇస్తా" అన్నాడు. ఆ రోజు ఆయన నవ్విన నవ్వు హార్లన్‌కు ఇప్పటికీ జ్ఞాపకం. వెనక పన్ను ఒకటి లేదు.

రికార్డులో అంకెలు వెనక్కి లెక్కపెట్టే గొంతు, తర్వాత ఆ పెను గర్జన, ఆ తర్వాత చంద్రుడి మీంచి గరగరమంటూ వచ్చే మాటలు ఉంటాయి. చంద్రుడి ప్రయాణాలు తగ్గించేశాక పనివాళ్ళను వందల మందిని తీసేశారు. నాన్న లూసియానాలో చమురు బావుల పనికి పోవడానికి పెట్టె సర్దుకుంటూ ఆ రికార్డు వేసుకుని వింటున్నాడు. లెక్క తగ్గుతూ తగ్గుతూ ఆరుకు వచ్చేసరికి నడీన్ పరుగెత్తుకొచ్చి ముల్లును పట్టి లాగేసింది. రాకెట్టు లేవకపోతే నాన్న వెళ్ళడనుకుంది కాబోలు, పిచ్చిది. నాన్న వెళ్ళాడు. కొన్నాళ్ళు కబుర్లు వచ్చాయి, తర్వాత అవీ ఆగిపోయాయి. అప్పుడు పడ్డ గీత వల్ల ఆ రికార్డు ఆరు దగ్గర ఆగుతుంది. ఆరు, ఆరు, ఆరు అంటూ అక్కడే తిరుగుతుంది. ఎవరో ఒకరు ముల్లును వేలి కొసతో మెల్లిగా ముందుకు తోయాలి. గట్టిగా తోస్తే రాకెట్టు లేచిపోయి ఉంటుంది, మరీ మెల్లిగా తోస్తే మళ్ళీ ఆరే. చిన్నప్పుడు ఒకరు నేల మీద వెల్లకిలా పడుకుని వినేవారు, ఒకరు తోసేవారు. వంతులు.

అమ్మ పోయాక నడీన్ అడిగింది. "ఇన్నేళ్ళూ నీ దగ్గరే ఉంది. ఇక నా వంతు" అంది. ఇస్తానన్నాడు. వచ్చే ఆదివారం అన్నాడు, క్రిస్మస్‌కి అన్నాడు. ఇవ్వలేదు. పోయిన శరదృతువులో తుఫాను వచ్చింది. నీళ్ళు వస్తాయని తెలిసిన సాయంత్రం అతను బట్టలు సర్దుకోలేదు, ఇంటి కాగితాలు తీసుకోలేదు. రికార్డునూ పెట్టెనూ చొక్కాలో చుట్టి తెచ్చి, తనకు తెలిసిన చోట్లలో అన్నిటికన్నా ఎత్తైన ఈ గదిలో దాచాడు. మర్నాడు నడుంలోతు నీళ్ళలో వంటింట్లో నిలబడి ఉంటే నడీన్ ఫోన్ చేసింది. నువ్వు బాగున్నావా అని అడగలేదు. "రికార్డు ఏమైందిరా?" అంది. అతనికి ఒళ్ళు మండిపోయింది. "పోయింది. నీళ్ళల్లో కొట్టుకుపోయింది" అన్నాడు. అవతల ఆమె ఏడవడం వినిపించింది. నడీన్ ఏడవగా వినడం అతనికి అదే మొదలు. ఆ ఏడుపు మధ్యలో మాట వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియక ఊరుకున్నాడు. అప్పటినుంచి మాటల్లేవు.

ఇప్పుడు అక్కకు ఫోన్ చేశాడు. రెండుసార్లు మోగి, ఎవరో నొక్కినట్టు తెగిపోయింది.

పై అధికారి ఓడమ్‌కు చేశాడు.

"ఒక్క గంట ఎవరినైనా పంపండి సార్. మా అక్కకు బాగోలేదు."

"ఎక్కడినించి తేను హార్లన్? ఇద్దరు సెలవులో ఉన్నారు. మధ్యాహ్నం ఇసక బార్జి కూడా ఉంది, దానిమీద క్రేను. ఈ గాలిలో దాన్ని టగ్గు పడవతో లాక్కొచ్చే మాబ్రీకి నువ్వు తప్ప ఎవరూ పనికిరారు. సాయంత్రం మనిషి వచ్చేదాకా ఓపిక పట్టు, వెంటనే వెళ్ళిపో."

సాయంత్రానికి ఎక్కడికి వెళ్తాడు? హార్లన్ బీరువా తెరిచి గ్రీజు డబ్బాలు పక్కకు జరిపాడు. సంచులు విప్పి రికార్డును మీటల బల్ల మీద పెట్టాడు. కాసేపయ్యాక మళ్ళీ సంచిలో పెట్టాడు. మళ్ళీ తీశాడు. నీళ్ళు తీశాక దొరికిందని చెప్పవచ్చు. అట్ట మీద నీటి మరక ఒక్కటీ లేదు. నడీన్ కళ్ళకు అది కనిపించకుండా పోదు. తెచ్చుకున్న రొట్టె, గుడ్లు డబ్బాలోనే చల్లారిపోయాయి. కాలువ ఒడ్డున దుంగల మీద పెలికాన్ పక్షులు గాలికి ఎదురు తిరిగి, ముక్కులు రొమ్ముల్లో దాచుకుని కూర్చున్నాయి. దీవి రోడ్డు ఎండలో ఖాళీగా మెరుస్తోంది. పాలబండి వచ్చింది. అలల మీద జారే సర్ఫింగ్ పలకలు కట్టుకున్న కుర్రకారు బండి వచ్చింది. కెల్సీ ఆకుపచ్చ వ్యాను రాలేదు. ఒక పడవ ముందొస్తే వంతెన లేస్తుంది, వాళ్ళు ఆగుతారు. వ్యాను ముందొస్తే అతని కళ్ళ ముందే దాటిపోతుంది. ఊరికే వంతెన ఎత్తడానికి వీల్లేదు.

వైర్‌లెస్ గరగరమంది.

"వంతెనా, వంతెనా. మాబ్రీని. ఉత్తరం మలుపు తిరుగుతున్నా. ఇసకా క్రేనూ రెండూ ఉన్నాయి. ఇంకాసేపట్లో నీ దగ్గరుంటా. నన్ను ఆపకు బాబూ, ఈ గాలికి ఆగితే అడ్డం తిరుగుతా."

"ఆపను. రా."

మాట నోట్లో ఉండగానే, దీవి రోడ్డు చివర ఆకుపచ్చ రంగు కనిపించింది. పైన పరుపు ఒకటి తాళ్ళతో కట్టి ఉంది. అది కెల్సీ బండే.

బార్జి, ఆ బల్లపరుపు సరుకు పడవ, ఇంకా మలుపు కూడా పూర్తిగా తిరగలేదు. ఇప్పుడెత్తితే మరీ ముందు ఎత్తినట్టు. హార్లన్ చెయ్యి సైరన్ మీదికి పోయింది. ఎర్ర దీపాలు వెలిగాయి, గేట్లు దిగాయి. వ్యాను గేటు ముందుకొచ్చి ఆగింది. అదే మొదటి బండి. అతను మీటలు రెండూ తోశాడు. వంతెన రెండుగా చీలి రెక్కలు లేవడం మొదలుపెట్టాయి.

"ఏంటయ్యా అంత తొందర? ఎవరైనా దొరసాని వస్తోందా?" అన్నాడు మాబ్రీ వైర్‌లెస్‌లో.

రెక్కలు పైకి పోతున్నాయి. హార్లన్ కళ్ళు రెక్కల మీద లేవు, వ్యాను మీద ఉన్నాయి. రెక్కలు లేచింది చాలనిపించింది. మీటలు వదిలి, రికార్డును చొక్కా లోపలికి దోపుకుని తలుపు తెరిచాడు. రెక్కలు లేచి ఉండగా వంతెన కాపరి గది వదలకూడదు. ఆ మాట తలుపు మీద ఎర్ర రంగుతో రాసి ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అతను వదల్లేదు.

మెట్లు దిగుతుంటే మోకాళ్ళు ఇనుములా కటకటలాడాయి. గాలి ఒక పక్కకు తోస్తోంది. వ్యాను దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అందలేదు. డ్రైవింగ్ సీట్లో కెల్సీ కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. ఇవతలి సీట్లో దిండ్ల మధ్య నడీన్ ఉంది. ఒకప్పుడు గుమ్మం నిండా ఉండే మనిషి. ఇప్పుడు ముఖం పిడికిలంత. నెత్తిమీద మగవాళ్ళ టోపీ. ఆమె తల తిప్పకుండా ఎదురుగా లేచిన రెక్కనే చూస్తోంది.

అతను అద్దం మీద తట్టాడు. ఆమె కదల్లేదు. చొక్కాలోంచి రికార్డు తీసి అద్దానికి ఆనించి పట్టుకున్నాడు.

నడీన్ చూపు మెల్లిగా పక్కకు తిరిగింది. చాలాసేపు చూసింది. అద్దం కిందికి దిగింది.

"నీళ్ళల్లో పోయిందన్నావు."

"అబద్ధం చెప్పానక్కా."

"ఎందుకు?"

"నువ్వు ముందు దీన్నే అడిగావు. నడుంలోతు నీళ్ళల్లో ఉన్నాను నేను. నన్నడగలేదు."

"ఓరి వెధవా!" అంది నడీన్. గొంతు సన్నబడింది కానీ తిట్టు పాతదే. "ఫోనెత్తావు కదరా! ఎత్తావంటే బతికున్నట్టే కదా. బతికున్నావని తెలిశాకే కదా దాని గురించి అడిగాను!"

ఇన్ని నెలలూ ఆ ముక్క అతనికి తట్టలేదు.

ఆమె తలుపు తోసి తెరిచింది. "అమ్మా, వద్దు" అని కెల్సీ చెయ్యి పట్టుకోబోయింది. నడీన్ విదిలించుకుని, నీలం గుడ్డ చెప్పులున్న కాళ్ళు కిందికి దించింది. తలుపు పట్టుకుని రోడ్డు మీద లేచి నిలబడి, పిడికిలి బిగించి తమ్ముడి రొమ్ము మీద ఒక్కటి వేసింది. పిట్ట వాలినంత దెబ్బ. మళ్ళీ వేసింది. మూడోసారి చెయ్యి వెనక్కి పోలేదు, చొక్కాను పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆమె బరువంతా ఆ పిడికిలిలోనే ఉంది. అయినా అతనికి బరువు తెలియలేదు, భయం వేసింది.

అప్పుడు మోగింది టగ్గు కూత. పొట్టిగా, గబగబా, వరసగా. నీళ్ళ మీద బతికేవాళ్ళెవరికైనా దాని అర్థం తెలుసు. ప్రమాదం.

హార్లన్ తిరిగి చూశాడు. దగ్గరి రెక్క నిటారుగా ఉంది. అవతలి రెక్క సగంలోనే ఆగి కాలువ మీదికి వాలి ఉంది. నిదానంగా లేచే ఆ రెక్క మీటను తొందరలో ముందే వదిలేశాడు. బార్జి వచ్చేసింది. దాని మీద క్రేను తల ఆ రెక్క అంచుకు సూటిగా వస్తోంది. టగ్గు వెనక్కి లాగుతుంటే నీళ్ళు తెల్లగా మరుగుతున్నాయి. గాలికి బార్జి తోక అడ్డం తిరుగుతోంది.

"ఏంట్రా అది?" అంది నడీన్.

"నాకే."

"మరి ఇక్కడేం చేస్తున్నావు? పో!" అని చొక్కా వదిలింది. అతను ఆమెను సీట్లోకి కూర్చోబెట్టి, రికార్డును ఒళ్ళో పెట్టాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది. "ఇంకా ఆరు దగ్గర ఆగుతుందా?"

"ఆగుతుంది."

"ఎవరు తోస్తున్నారు?"

"నేనే. ఒక్కణ్ణే."

"అక్కడ కెల్సీ తోస్తుందిలే. పో, ఎవడో చచ్చేలా ఉన్నాడు."

"అక్కా, మరి నన్ను..."

"క్షమించలేదు. గుర్తుపెట్టుకో. పరుగెత్తు!"

పరుగెత్తాడు. మెట్లు ఎలా ఎక్కాడో అతనికి తెలియదు. ఒకచోట మోకాలు మడత పడి కమ్మికి నుదురు కొట్టుకుంది. గదిలో వైర్‌లెస్ అరుస్తోంది. "రెక్క ఎత్తు! హార్లన్, రెక్క! నా మనిషి క్రేను మీద ఉన్నాడు!" అతను రెండు చేతులతో మీటను తోసి పట్టుకున్నాడు. మోటారు మూలిగింది. రెక్క వణికి, నిదానంగా, మరీ నిదానంగా లేచింది. దాన్ని తొందరపెట్టే ఉపాయం లోకంలో లేదు. క్రేను మీది మనిషి కింద పడుకుని తల మీద చేతులు పెట్టుకోవడం అద్దంలోంచి స్పష్టంగా కనిపించింది. అద్దాలు శుభ్రంగా ఉన్నాయి. క్రేను తల రెక్క అంచు పక్కగా, ఒక మనిషి దూరేంత సందులోంచి జారిపోయింది. బార్జి పక్క ఒడ్డు దుంగలను ఒరుసుకుంటూ పోయింది. చెక్కలు విరిగిన చప్పుడుకు పెలికాన్లన్నీ ఒక్కసారిగా లేచాయి.

తర్వాత కాలువ ఖాళీ.

"చచ్చావనుకున్నాను అక్కడ" అన్నాడు మాబ్రీ. "బతికే ఉన్నావు కదా? అయితే మీ ఆఫీసుకు చెప్పక తప్పదు నాకు."

"చెప్పు. చెప్పాల్సిందే" అన్నాడు హార్లన్.

ఇక వంతెన దించాలి. వ్యాను వెనక కార్ల వరస పెరిగింది, ఎవరో హారన్ కొడుతున్నారు. మీట మీద చెయ్యి వేసి అలాగే ఉన్నాడు. పైనుంచి చూస్తే వ్యాను కప్పు మీది పరుపూ, సగం దించిన అద్దమూ మాత్రమే కనిపిస్తున్నాయి. తను దించకపోతే ఆమె వెళ్ళదు. ఇంకో రెండు హారన్లు కలిశాయి. నుదుటి మీంచి నెత్తురు కనుబొమలోకి జారింది. చొక్కా చేతితో తుడుచుకుని మీటను తన వైపు లాక్కున్నాడు.

రెక్కలు దిగాయి. గడియలు పడ్డాయి. గేట్లు లేచాయి. వ్యాను కదిలి, ఇనుప జాలీ మీద గుమ్మని మోగుతూ దాటింది. కిటికీలోంచి అతని చెయ్యి ఎప్పటిలా లేచింది, ఈసారి ఊగలేదు. అవతలి ఒడ్డు ఎక్కేటప్పుడు ఇవతలి పక్క అద్దంలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. అది పిడికిలో, అరచెయ్యో, అంత దూరానికి తెలియలేదు.

కాసేపటికి ఓడమ్ ఫోన్ చేశాడు. "గదిలో లేవటగా?"

"లేను."

"మోటారు మొరాయించిందని రాస్తాను. ఔనను చాలు."

"మోటారు బాగానే ఉంది సార్. నేనే కిందికి దిగాను."

ఓడమ్ నిట్టూర్చాడు. "రేపు వంతెనకు రాకు. ఆఫీసుకు రా."

"సరే" అన్నాడు హార్లన్. సాయంత్రందాకా ఇంకా చేపల పడవలు వచ్చాయి, ఒక తెరచాప పడవ వచ్చింది. ఒక్కొక్కదానికీ రెక్కలు చివరంటా ఎత్తి, అటూ ఇటూ రెండుసార్లు చూసి, దించాడు.

అరిజోనా ఎండను నడీన్ చూడలేదు. టెక్సాస్ దాటకముందే, దారి పక్క మోటెల్ గదిలో, కెల్సీ ఐసు తేవడానికి వసారా చివరిదాకా పోయి వచ్చేలోగా, గోడవైపు తిరిగి పడుకున్న మనిషి అలాగే ఉండిపోయింది. రికార్డును దారి పొడుగునా ఒళ్ళోంచి దించలేదట. బండి కుదుపులకు వేళ్ళ మధ్య పట్టుకునే కూర్చుందట. ఆ కబుర్లన్నీ తర్వాత వచ్చాయి. ఆ సాయంత్రానికి హార్లన్‌కు తెలిసింది ఇంతే: బండి ఈపాటికి రాష్ట్రం సగం దాటి ఉంటుంది.

సాయంత్రం మనిషికి తాళాలు అప్పగించి, టిఫిను డబ్బా పట్టుకుని మెట్లు దిగాడు. గాలి పడిపోయింది. గేటు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద ఏదో కనిపించి ఆగాడు. నీలం రంగు గుడ్డ చెప్పు, ఎడమకాలిది. వాచిన పాదం దూరడానికి మడమ దగ్గర కత్తెరతో చీల్చి, అంచు పీచులు లేవకుండా తెల్ల దారంతో కుట్టుకుంది. పగలంతా ఎన్ని బండ్లు పోయాయో, ఒక్క చక్రం దాన్ని తొక్కలేదు. బండ్లు ఆగాల్సిన తెల్ల గీతకు ఇవతల, ఇప్పుడే ఎవరో విడిచి ఇంట్లోకి వెళ్ళినట్టు, తిన్నగా ఉంది.